పెళ్లి చీర పచ్చబడుతోందా?

ఎంతో ఇష్టపడి కొన్న చీర. కట్టింది ఒక్కసారే. మాసిందీ లేదు, చిరిగిందీ లేదు. అయినా పాతికేళ్ల తర్వాత మడత విప్పితే పసుప్పచ్చ చారలు, గోధుమరంగు మచ్చలు! పాతబడింది కదా అని సరిపెట్టుకుంటాం. నిజానికి తప్పు వయసుది కాదు... దాచిన తీరుది.

బీరువా పై అరలో, అన్ని చీరలకన్నా అడుగున, ప్లాస్టిక్ కవరులో, దాని మీద ఇంకో కవరు చుట్టి... అంత భద్రంగా ఉంది ఆ చీర. ముప్ఫై ఏళ్ల కిందట తాండూరులోని ఆ తల్లి చర్చిలో పెళ్లినాడు కట్టుకున్న తెల్లపట్టు చీర. వచ్చే నెల్లో కూతురి పెళ్లి. ‘నీ చీరెనే కట్టుకుంటనమ్మా’ అని అమ్మాయి అనడమే ఆలస్యం, సంబరంగా తీసి మంచమ్మీద పరిచింది.

‘‘గిదేందమ్మా! తెల్లచీరె అంటివి గదా?’’

మడతల వెంట నిలువునా పసుపు చారలు. కొంగు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చలు నాలుగైదు. ‘‘ఒక్కపారే కట్టిన బిడ్డా. పెండ్లయినంక డ్రైవాష్‌కు గూడ ఇచ్చిన. ఎవ్వరినీ ముట్టనియ్యలే’’ అంటూ ఆ తల్లి చీర అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఇలాంటి తెల్లచీరలు చాలా ఇళ్లలో ఉంటాయి. మెథడిస్టు మిషనరీలు బడులూ ఆస్పత్రులూ కట్టిన నేల ఇది. ఏటా నవంబరులో ధారూరులో జరిగే క్రైస్తవ జాతరకు ఊళ్లకు ఊళ్లు తరలివస్తాయి. చర్చిలో పెళ్లంటే వధువుకు తెల్లచీరో, మీగడరంగు పట్టో, తలమీద సన్నటి వేల్ ఉండాల్సిందే. ఆ మాటకొస్తే పెళ్లిలో తెలుపు అన్ని ఇళ్లలోనూ ఉంది. పీటల మీద కట్టుకునే మధుపర్కాలు తెల్లటి నూలు బట్టలే కదా. రంగు పట్టుచీరలు కూడా ఈ బాధకు అతీతం కాదు. ఎరుపులోనో ఆకుపచ్చలోనో మచ్చ కలిసిపోతుంది, తెలుపులో దాగదు. అంతే తేడా.

తెల్లబట్టల పెళ్లి ఇంగ్లండులో కూడా అనాదిగా ఉన్నది కాదు. 1840లో విక్టోరియా రాణి తెల్లటి పట్టు గౌనుతో పెళ్లి చేసుకున్నాకే ఆ మోజు బాగా పెరిగింది. దాంతోపాటే దాచుకునే బెంగా మొదలైంది. 19వ శతాబ్దం చివర్లో ఐరోపా వ్యాపారులు పట్టుకు బరువూ ఒడుపూ రావాలని తగరం లవణాల్లో ముంచేవారు. అలా బరువెక్కించిన గౌన్లు ఇప్పుడు మ్యూజియాల్లో ముట్టుకుంటే అప్పడాల్లా విరిగిపోతున్నాయి. మన చీరలకు ఆ శాపం లేదు. మన శత్రువులు వేరు.

మచ్చ ఎక్కడుందో చూడండి

పచ్చబడిన చీరను వెలుతురులో పరిచి ఓ పది నిమిషాలు ఓపిగ్గా చూస్తే సగం కథ అదే చెబుతుంది. మడతల అంచుల్లోనే పసుపు ఉంటే కవరును అనుమానించాలి. బయటికి కనపడేలా ఉన్న మడత మొత్తం రంగు మారి, లోపలి మడతలు తెల్లగానే ఉంటే వెలుతురు చేసిన పని. అక్కడొకటి ఇక్కడొకటి గోధుమరంగు మచ్చలుంటే తిండిపదార్థాలు. జాకెట్టు చంకలోనో, నడుము దగ్గరో ఉంటే చెమట.

వీటిలో అందరినీ బోల్తా కొట్టించేవి ఆ గోధుమరంగు మచ్చలే. ఎందుకంటే పెళ్లినాడు అవి కనిపించవు! కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింకు, పానకం, కేకు మీది చక్కెర... చుక్క పడుతుంది, ఆరిపోతుంది, బట్ట మళ్లీ తెల్లగా కనిపిస్తుంది. నీరు ఆరినా చక్కెర పోగుల్లోనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలీ వేడీ తగిలి అది రంగు మారుతుంది. పొయ్యి మీద చక్కెర మాడి గోధుమరంగు తిరగడానికి నిమిషాలు చాలు. బీరువాలో అంతకు దగ్గరి మార్పే పది ఇరవై ఏళ్ల పాటు నెమ్మదిగా జరుగుతుందన్నమాట. చెమటదీ ఇలాంటి కథే. అందులోని ఉప్పు, ఒంటి నూనె కలిసి ముందు లేత పసుపు, తర్వాత ముదురు పసుపు అవుతాయి. చెమట పట్టినచోట పట్టు బలం కూడా తగ్గుతుంది. పాత పట్టు జాకెట్లు ముందు చంకల్లోనే పిగులుతాయి, గమనించారా?

‘డ్రైవాష్ చేయించాం కదా’ అనే మాట ఇక్కడే వస్తుంది. డ్రైవాష్‌లో నీళ్లుండవు. పెట్రోలు జాతి ద్రావకాలో, పెర్‌క్లోరోఇథిలీన్ లాంటివో వాడతారు. నూనె, జిడ్డు వాటికి లొంగుతాయి. చక్కెర, ఉప్పు మాత్రం నీళ్లకు తప్ప కరగవు. అందుకే మెరుస్తూ ఇస్త్రీ మడతతో ఇంటికొచ్చిన చీరలో ఆ కొబ్బరినీళ్ల చుక్క అలాగే ఉంటుంది. షాపువాళ్లకు చీర ఇచ్చేటప్పుడు ‘ఇక్కడ కూల్‌డ్రింకు పడింది, ఇక్కడ పాయసం పడింది’ అని చెప్పాలి. వీలైతే ఆ చోట దారంతో చిన్న కుట్టు గుర్తు పెట్టాలి. వాళ్లు ముందు ఆ ఒక్క చోటును నీటితో శుభ్రం చేసి తర్వాత మిగతా పని చేస్తారు. పెళ్లి హడావుడిలో ఇదంతా ఎవరికి గుర్తుంటుంది అంటారా? నిజమే. కానీ చీర జాతకం తేలిపోయేది ఆ మొదటి వారం పది రోజుల్లోనే. అప్పుగింతలైన మర్నాడు ఆడపడుచుకో, పిన్నికో ఈ పని ఒప్పజెప్పేయడం మేలు.

కాపాడుతుందనుకున్న కవరే...

పాలిథిన్ కవర్లు త్వరగా పెళుసెక్కకుండా తయారీలో కొన్ని రసాయనాలు కలుపుతారు. వాటిలో బీహెచ్‌టీ ఒకటి. అది కవరులోంచి మెల్లగా బయటికొచ్చి బట్టలోకి చేరుతుంది. గాలిలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటే వాటితో కలిసి పసుప్పచ్చటి పదార్థంగా మారుతుంది. బట్టల మిల్లుల వాళ్లకు ఇది పాత తలనొప్పే. తెల్లచొక్కాలు గోదాములో ఉండగానే మడతల దగ్గర పచ్చబడి తిరిగొచ్చేవి. మరి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కడివి? లారీల పొగలోవి, డీజిల్ జనరేటర్లవి, వంటగ్యాసు మంటవి. తాండూరులో బండల లోడుతో తిరిగే లారీలకు కొదవా!

ఈ పసుపులో ఓ చిత్రం ఉంది. క్షారం తగిలితే చిక్కబడుతుంది, ఆమ్లం తగిలితే వెలిసిపోతుంది. సబ్బు సరిగా జాడించని బట్ట మీద ఎక్కువగా కనిపించేది అందుకే. కవరు తీసేసి నీడన నాలుగు రోజులు గాలికి ఆరవేస్తే కొన్నిసార్లు దానంతటదే తగ్గిపోతుంది కూడా. అందుకే పచ్చబడిన చీర కనిపించగానే ఏవేవో పూయకుండా ముందు గాలికి వేయమనేది.

పీవీసీ కవర్లయితే ఇంకా కష్టం. పాతబడేకొద్దీ ఆమ్లాన్ని వదులుతాయి. అట్టపెట్టె, చెక్కపెట్టె కూడా అంత అమాయకమైనవి కావు. చెక్కలోని లిగ్నిన్, దాన్నుంచి పుట్టే ఆమ్లాలు ఆనుకున్న బట్టను పచ్చబరుస్తాయి. న్యూస్‌ప్రింట్ కూడా చెక్కగుజ్జే. నెల రోజులు ఎండలో పడేసిన పేపరు ఏ రంగుకు వస్తుందో చూశారుగా. కాబట్టి ఈ పేజీని చదవండి, దాచుకోండి... బీరువా అరలో పెళ్లి చీర కింద మాత్రం పరవకండి!

పట్టుకు వెలుతురు కూడా పడదు. పట్టు అంటే పురుగు నోటినుంచి వచ్చిన ప్రోటీను. అందులోని టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని పసుపురంగుకు తిరుగుతాయి. మ్యూజియాల్లో పాతవస్త్రాలున్న గదులు మసకగా ఉండేది ఇందుకే. వాటి మీద పడే వెలుతురు 50 లక్సులు దాటకుండా చూస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మేడమీద తాడుకు వేలాడదీసిన తెల్లపట్టు పరిస్థితి మీరే ఊహించుకోండి.

బండల ఊరి దుమ్ము, కొండల ఊరి చెమ్మ

తాండూరు అనగానే గుర్తొచ్చేవి కందులు, నాపరాళ్లు. కందులకైతే 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాపరాయి ఓ రకం సున్నపురాయి. కోసేటప్పుడు, పాలిష్ చేసేటప్పుడు లేచే తెల్లటి పొడి ఇంట్లో ఎక్కడైనా వాలుతుంది. చూడ్డానికి మెత్తగా ఉన్నా నలకలకు పదునుంటుంది. మడతలో చేరి, మడత కదిలినప్పుడల్లా సన్నటి ఆకురాయిలా పోగును గీస్తుంది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. సిమెంటు ధూళికి తడి తగిలితే గాఢమైన క్షారమవుతుంది. పట్టుకు క్షారమంటే గిట్టదు. నూలుకు అంత ఇబ్బంది లేదు. గద్వాల చీరలో నేత నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే చీరలో రెండు స్వభావాలు! అలాంటిదానికి పట్టు ఏది భరిస్తుందో అదే లెక్క.

వికారాబాద్‌ది మరో సమస్య. అనంతగిరి గాలి మంచిదని నిజాం జమానాలోనే అక్కడ క్షయ రోగులకు ఆస్పత్రి కట్టారు. ఊపిరితిత్తులకు మంచిదే కానీ, వానాకాలంలో కొండ పక్కనుండే ఇళ్లలో చెమ్మ పట్టుచీరలకు మంచిది కాదు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పుడుతుంది. బయటి గోడలోకి కట్టిన బండ అల్మారాల్లో ఇది మరీ ఎక్కువ. పెళ్లి చీర అక్కడ పెట్టకూడదు. ఇంటి మధ్యగోడకు ఆనించిన ఇనుప బీరువా నయం. దాన్నీ గోడకు జానెడు దూరం జరపాలి.

తెల్లగా చేద్దామని...

పచ్చబడ్డ చీరను చూడగానే చేయి బ్లీచింగ్ సీసా మీదికి పోతుంది. మా బంధువుల ఇంట్లో ఒకావిడ అదే చేసింది. బకెట్లో రెండు మూతల బ్లీచ్ కలిపి తెల్లపట్టు జాకెట్టు నానబెట్టింది. అరగంటకు తీస్తే జాకెట్టు ఇంకా పచ్చగా అయింది. పిండబోతే చేతిలోకి ఊడొచ్చింది! క్లోరిన్ బ్లీచ్ నూలును తెల్లబరుస్తుంది కానీ పట్టును తినేస్తుంది. గాఢంగా ఉంటే పూర్తిగా కరిగించేస్తుంది కూడా. మిల్లుల్లో పట్టును తెలుపు చేయడానికి వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్. అదీ కొలతగా, అలవాటైన చేతులతో చేయాల్సిన పని. ఎంజైములున్న వాషింగ్ పౌడర్లు కూడా వద్దు. రక్తం, గుడ్డు మరకల్లోని ప్రోటీన్‌ను కొరకడానికి పెట్టిన ఎంజైములకు పట్టు ప్రోటీను వేరే అని ఎవరు చెబుతారు?

మన అమ్మమ్మలు పట్టుచీరలకు కుంకుడురసం వాడటంలో మంచి తెలివుంది. కుంకుడులోని సాపోనిన్లు నురగనిస్తాయి, జిడ్డు లాగుతాయి, సబ్బులా క్షారం మాత్రం కావు. రసాన్ని బాగా వడగట్టి, పల్చగా చల్లటి నీళ్లలో కలిపి, ఆఖర్న నాలుగైదుసార్లు జాడించాలి. రసం మిగిలిపోతే దాని రంగే అంటుకుంటుంది. రంగు కారుతుందేమో ముందు లోపలి అంచును తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. జరీ బరువుగా ఉన్నవి, పిగిలినవి ఇంట్లో ఉతకొద్దు.

తలంబ్రాల పసుపు మరకైతే వేరే లెక్క. దాని మీద సబ్బు రాస్తే ఎర్రగా మారుతుంది. గాబరా పడకండి. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి కుంకుమ చేయడంలోని కిటుకే ఇది. బాగా జాడిస్తే మళ్లీ పసుపవుతుంది. ఎండ తగిలితే మెల్లగా వెలిసిపోతుంది. మధుపర్కాల లాంటి నూలు బట్టల్ని అందుకని ఎండలో వేయొచ్చు, పట్టును కాదు.

వేల్ చాలావరకు నైలాన్ నెట్. అది పట్టుకన్నా త్వరగా పచ్చబడుతుంది. ఇస్త్రీ పెట్టె వేడి ఎక్కువైతే ఆ పసుపు ఇక పోదు. గౌన్ల మీద అతికించిన పూసలు, ముత్యాలుంటే డ్రైవాష్ ద్రావకంలో జిగురు కరిగి రాలిపోతాయి. ముందే చూపించి అడగాలి.

ఇక జరీ. అసలు జరీలో పట్టుదారం మీద వెండితీగ చుట్టి, బంగారు పూత పూస్తారు. బంగారం పేరుకే, వందలో ఒక పాలు కూడా ఉండదు. నల్లబడేది కింది వెండి. గాలిలోని గంధకం తగిలి వెండి సల్ఫైడ్ అవుతుంది. చీర కట్టకు రబ్బరు బ్యాండు వేశారంటే గంధకాన్ని మనమే తెచ్చి పెట్టినట్టు! సెంటు కొట్టుకునేది చీర కట్టకముందే. నల్లబడిన చీరల కోసం వీధుల్లో ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని తిరిగేవాళ్లు ఊరికే రారు. కాల్చి వెండి తీసుకుంటారు. నాలుగు స్టీలు గిన్నెలకు ఇచ్చేసే ముందు ఓసారి ఆలోచించుకోండి.

గోలీలూ... ఊయలలో పాపాయీ

అసలు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇది. కోస్తాలో కలరా ఉండలంటారు, తెలంగాణలో డాంబర్ గోలీలు. చీరల మధ్య వేయని ఇల్లుండదు. పురుగులు రాకుండా చేసేది దాని ఆవిరే. ఆ ఆవిరి బట్టలో ఇంకి చాలాకాలం ఉంటుంది. మనింట్లో అమ్మ పెళ్లి చీర మళ్లీ బయటికొచ్చేది ఎప్పుడు? బారసాలకు! బీరువాలోంచి తీసిన చీరను తీసినట్టే ఊయల కట్టి పసిబిడ్డను పడుకోబెడతాం. కొందరు పిల్లల ఒంట్లో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఎక్కువగా మగపిల్లల్లో కనిపించే లోపమిది. అలాంటి పసివాళ్లకు నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి. తీవ్రంగా కామెర్లు వస్తాయి. మెదడు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. గోలీలు వేసి దాచిన బట్టలు, దుప్పట్లు చుట్టడం వల్లే ఇలా జరిగిన సంగతులు వైద్యగ్రంథాల్లో నమోదయ్యాయి. చీర పచ్చబడితే మహా అయితే బాధపడతాం. బిడ్డ పచ్చబడితే?

పసిబిడ్డ ఉన్న ఇంట్లో గోలీలు అసలే వద్దు. ఊయలకైతే ఉతికి ఆరేసిన నూలుచీరే హాయి. కర్పూరం బిళ్లలు కూడా పిల్లల చేతికి అందే చోట ఉంచకూడదు, మింగితే ఫిట్స్ వస్తాయి. పురుగులకు వస కొమ్ములు, ఎండిన వేపాకు చాలు. కందుల గాదెలో వేసే వేపాకే చీరల పెట్టెలోనూ పనిచేస్తుంది. పల్చటి గుడ్డలో మూటగట్టి మూలన పెట్టాలి. ఆకు నేరుగా చీరకు తగిలితే దాని మరక అదనం. అన్నిటికన్నా మంచి మందు శుభ్రత. పట్టును కొరికే పురుగులకు చెమట, తిండి మరకలున్న చోటంటే మరింత ఇష్టం. సిల్వర్ ఫిష్ అనే వెండిపురుగు గంజి కోసం వస్తుంది. దాచే బట్టకు గంజి పెట్టొద్దనేది అందుకే.

దాచడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నాలుగైదుసార్లు ఉతికి గంజి పూర్తిగా పోయిన పాత తెల్లపంచె ఒకటి చాలు. చీరను అందులో చుట్టాలి. గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది. జరీ ఉన్న వైపు లోపలికి రావాలి, జరీకీ జరీకీ మధ్య సన్నటి నూలుగుడ్డ ఉండాలి. బరువు చీరల్ని హ్యాంగరుకు వేలాడదీయొద్దు, సొంత బరువుకే సాగిపోతాయి. ఎప్పుడూ ఒకేచోట మడత పడితే అక్కడే చిట్లుతుంది. ఏడాదికి మూడుసార్లు విప్పి, కాసేపు ఫ్యాను గాలికి ఉంచి, మడత జరిపి వేయాలి. దసరాకోసారి, క్రిస్మస్‌కోసారి, ఎండాకాలం సెలవుల్లో ఓసారి అనుకుంటే గుర్తుంటుంది. పంచెను మాత్రం ఏడాదికోసారి ఉతకండి. చీర తాగాల్సిన ఆమ్లాలు, దుమ్ము అదే తాగుతుంది.

తాండూరు తల్లీకూతుళ్ల సంగతి చెప్పలేదు కదూ. చీరను కవర్లోంచి తీసి వారం రోజులు లోపలి గదిలో గాలికి వేశారు. మడతల వెంట ఉన్న చారలు సగానికి సగం తగ్గాయి. కొంగు మచ్చల సంగతి తెలిసినవాళ్లకు అప్పజెప్పారు. వాళ్లు ఉత్త నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి తీశారు. మొదటి రెండుసార్లు నీళ్లు పల్చటి టీలా వచ్చాయట. మచ్చలు లేతబడ్డాయి కానీ పూర్తిగా పోలేదు. చీర మొత్తం మీగడరంగుకు వచ్చి ఆగింది. ఇంకా గట్టిగా ప్రయత్నిస్తే పోగు దెబ్బతింటుందని వాళ్లే ఆపేశారు. అమ్మాయి ఆ చీరను పట్టుకుని బట్టల దుకాణానికి వెళ్లింది. తెల్ల జాకెట్టు గుడ్డలన్నీ పక్కకు తోసి, సరిగ్గా ఆ మీగడరంగే దొరికేదాకా తాన్లు విప్పించింది. కొంగు మీది మచ్చలు కుచ్చిళ్ల లోపలికి పోయేలా ఎలా కట్టాలో వాళ్ల మేనత్త ఇప్పటికే రెండుసార్లు కట్టి చూపించింది.